బేరం ఆడి కొనకుండా వెళ్లేవాడు

పుస్తకం రాయాలనుకునేవాళ్లకు రాయడం నేర్పడం నా పని. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుంటాను. ఎక్కువగా రిటైరైనవాళ్లు ఆత్మకథలు పట్టుకుని వస్తారు. వాళ్లకు నేను చెప్పేది కొంచెమే. పొగడ్తలు కొట్టేయండి, మనిషి చేసిన పని చెప్పండి. మా ఆయన పోయాక ఆయన గురించి రాయబోతే మాత్రం నేనే 'మంచి మనిషి' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఈమధ్య ఒక అమ్మాయి వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. ఊరు నల్లగొండ వైపు. వాళ్ల అన్న కూడా ఇక్కడే చదువుతూ పచ్చకామెర్లతో చనిపోయాడు. సంవత్సరీకం దగ్గర పడుతోంది.

"అమ్మ అన్న పేరెత్తది మేడం. ఎవరన్న ఎత్తితే లేచి పెరట్లకు పోతది. యాడాదినాటికి చిన్న పుస్తకం అచ్చేయించి, ఆమెకు చదివి వినిపిస్త. ఒక్క మాట మాట్లాడితే సాలు."

ఆమె రాసుకొచ్చిన కాగితాలు చూశాను. పరిచయం, బాల్యం, విద్య, గుణగణాలు, ముగింపు. ప్రతి శీర్షిక కింద గీత. గుణగణాలు పాయింట్లుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి పరీక్షలకు జవాబులు రాసిన చెయ్యి, అన్నను కూడా పది మార్కుల ప్రశ్నలాగే రాసింది.

"మీ అన్న ఇందులో కనపడటం లేదమ్మా."

"పేరున్నది కద మేడం. అండర్‌లైన్ గూడ కొట్టిన."

తర్వాత తనే నవ్వింది. కళ్లు తుడుచుకుంది.

ఇలాంటప్పుడు నేను కాగితం పక్కన పెట్టించి, పోయిన మనిషి తిరిగిన దారిలో నడిపిస్తాను. రాయకూడదు, మాట్లాడుతూ నడవాలి. అశోక్‌నగర్ సందుల్లో వాళ్లిద్దరూ చదువుకున్న స్టడీ హాల్, టీ బండి చూపించింది. నారాయణగూడ మార్కెట్ దగ్గర కాళ్లు ఆగాయి. "రోజూ సాయంత్రం ఈడికొచ్చేటోడు" అంది.

వంకాయల గంప ముందున్న పెద్దావిడ ఆమెను గుర్తుపట్టింది.

"ఏం బిడ్డా, మీ బేరాల కలెక్టర్ ఏడి? నౌకరొచ్చి మమ్ముల మరిచిండా?"

"లేడు పెద్దమ్మా. పోయిండు. కామెర్లయినయి."

ఆవిడ చేతిలోని తూకపు రాయి కింద పెట్టింది. కోపంగా అంది: "ఒక్కనాడన్న కొన్నడా! ఒక్కో వంకాయ తిప్పి తిప్పి సూసి, పుచ్చులున్నయని లొల్లి వెట్టి, నేను సరే తీస్కపో అనేదాంక ఇడిచేటోడు కాదు. సరే అన్నంక నవ్వుకుంట పోయేటోడు!"

"హాస్టల్ల వండుకోనియ్యరు పెద్దమ్మా. ఊర్ల అమ్మ ఎంబడి అంగడికి పోయేటోడు. బేరం ఆయనే జేసేది. ఆ బేరం లేక ఆయనకు తోచకపోయేది."

 కొద్దిరోజుల్లో ఆ అమ్మాయి కొత్త కాగితాలు తెచ్చింది. శీర్షికలు లేవు. అన్న ఎలాంటివాడో ఎక్కడా చెప్పలేదు. వంకాయ తొడిమె ఎత్తి కింద పుచ్చు వెతుకుతున్న కుర్రవాడు ఉన్నాడు, అంతే. చదువుతూ నిలబడే ఉండిపోయాను. నేను ఎన్నడూ చూడని మనిషి నా గదిలోకి వచ్చాడు.

సంవత్సరీకం మర్నాడు ఊరి నుంచి ఫోన్ చేసింది.

"వంకాయల కాడికి రాంగనే అమ్మ ఆగుమన్నది మేడం."

"లేచి వెళ్లిందా?"

"లేదు. 'ఆఖరికి ఎంతకు తెగిందే బేరం?' అని అడిగింది. నేను రాయలే కద, తెల్వదన్న. 'ఏం రాసినవే మరి! అసలు ముచ్చట ఇడిచిపెడితివి. ఆ బేరం నేను నేర్పింది' అని తిట్టింది. మల్ల 'వీనికి గాడ గూడ గిదే పనా' అని పేరు వెట్టి పిలిచి నవ్వింది మేడం. చుట్టాలందరి ముంగట."

 జీవితమంతా పుస్తకాలు చదివాను. చదువురాని ఆ తల్లి విన్నట్టు ఒక్క పేజీ కూడా విన్నానో లేదో తెలియదు. ఏడాదిపాటు కొడుకు పేరెత్తని మనిషిని ఒక వంకాయల గంప మాట్లాడించింది.

"పుస్తకం ఇంకా పంచలే. గా ధర పెన్నుతోనన్న ఎక్కియ్యాలె. నేనొచ్చినంక పెద్దమ్మను అడుగుదాం" అంది.

నేను అంతవరకు ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే సంచీ తీసుకుని నారాయణగూడ వెళ్లాను.

"ధరనా? రోజుకొక్క తీరు" అంది పెద్దావిడ. "సగం కాడ మొదలు వెట్టేటోడు. నాకు గిట్టే ధర కాడికొచ్చి ఆగేటోడు. ఆడికెల్లి ఒక్క పైస దిగేటోడు కాదు. అది వానికెట్ల ఎర్కనో!"

అదే రాయమని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఎవరు నేర్పారో వాళ్లమ్మకు తెలుసు.

వంకాయలు పోయించుకోవడానికి సంచీ విప్పాను. మా ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, పట్టీలు లోపలికి దోపేవారు. ఆయన పోయినా అది అలాగే మడతపడుతోంది. మడుస్తున్నది నేనే. ఇంటికొచ్చి ఆయన గురించి ముందు ఆ సంగతి రాశాను.