నాయన అంచు మీద తెల్ల గళ్లు

మా ధర్మవరంలో చీర మగ్గం దిగకముందే దాని నకలు బజారుకెక్కుతుంది. కిందటేడు నాయన డిజైను కాగితం మీద గడి గడీ నింపి గీసిన హంసల అంచు అలాగే పోయింది. కొన్న అంగడాయన ముచ్చటపడి వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. నెల తిరక్కుండానే మరమగ్గాల చీరల మీద అవే హంసలు ఈదాయి. నాయన ఇంకో డిజైను కాగితం పరుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఈసారి నాయన వేరుశనగ పూల అంచు నేశాడు. ఫోటో పెట్టకపోతే కొనేవాళ్లు రారు, పెడితే దొంగలొస్తారు. అందుకే ఫోటో మీద ఒక ముసుగు వేద్దామనుకున్నాను. చీర కనబడాలి, అంచులోని గళ్లు మాత్రం ఎవరికీ లెక్కకు అందకూడదు.

వాన లేని శ్రావణం, మధ్యాహ్నం. పక్క గదిలో మగ్గం ఆడుతోంది. కంప్యూటర్‌లో ఫోటోను పెద్దది చేస్తూ పోయాను. పూలు కరిగాయి, పట్టు మెరుపు కరిగింది, చివరికి రంగు గళ్లే మిగిలాయి. నాయన డిజైను కాగితంలోకి నడిచి వెళ్లినట్టు అనిపించింది. ఆ మగతలోనే మగ్గం చప్పుడుకో గడి చొప్పున తెల్లరంగు నింపుతూ తీగలా ఒక చిన్న ముక్క గీశాను. మిగతావి ఖాళీగా వదిలితే వాటిలోంచి చీర తొంగిచూసింది.

ఆ చిన్న ముక్కను ఫోటో అంతటా పక్కపక్కన పరిచాను. ముసుగే కదా, ఎలా ఉంటేనేం? కానీ ముక్కకూ ముక్కకూ మధ్య గీత తెగితే నేతింట్లో పుట్టిన కన్ను ఒప్పుకోదు. కొసలు కలిపాను, కలిసినచోట మొగ్గ పెట్టాను. కోతిని చేయబోతే వినాయకుడయ్యాడు.

ఫోటో పెట్టిన సాయంత్రమే గుత్తి నుంచి ఒకామె ఫోన్ చేసింది. నాయన కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"చీర బాగుండాది పాపా. ఒళ్లంతా తెల్లగా అల్లుకోని ఉండాదే, అది శానా నచ్చింది."

"అది చీరలో లేదక్కా, ఫోటో మీద నేను వేసింది."

"అది లేకుంటే నాకొద్దులేమ్మా" అని పెట్టేసింది.

ఏడుపొచ్చింది. నాయన పూలను కాపాడబోయి వాటిని చూసేవాళ్లే లేకుండా చేశాను. తల దించుకుని కూర్చున్నాను.

నాయన వచ్చి ఫోటోను పెద్దది చేయమన్నాడు. కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"యాడా తెగలేదే" అన్నాడు. కొత్త డిజైను కాగితం పరిచి, తెర చూస్తూ పెన్సిలుతో గళ్లు నింపడం మొదలుపెట్టాడు.

"మరి నీ పూలేం కావాలి నాయనా?"

"అంచులో అవే ఉంటాయి. ఇది చీర ఒంట్లోకి ఎక్కిస్తా." పెన్సిలు ఆపి నా వైపు చూశాడు. "ముందు ఆ ఫోటో తీసెయ్ పాపా. నీ డిజైను ఎత్తుకపోతారు."

తీసేద్దామని చూస్తే, కళ్లు నిండి ఏ గడీ కనబడలేదు.