చిప్‌లో ఖాళీలు

పుత్తూరు బస్సులో నా పక్కన కూర్చున్నాయన కరెంటు మీటర్లు బాగుచేస్తాడట. నా ఒళ్ళోని సర్క్యూట్ బోర్డును చూసి, "ఏం బోర్డప్పా ఇది?" అన్నాడు.

మామిడి గుజ్జు నిల్వచేసే గోడౌన్ కోసం నేను తయారుచేసిన పెట్టెలోది. గోడౌన్ నాలుగు మూలల్లో ఎంత చల్లగా ఉందో, ఆ అంకెల్ని ఆ పెట్టె వరసగా మెమరీ చిప్‌లో రాస్తుంది. అందులో అక్కడక్కడా ఖాళీలు వస్తుంటే, రాత్రిపూట ఆపరేటర్ పెట్టె ఆపేసి నిద్రపోతున్నాడన్నారు గోడౌన్ వాళ్ళు. నన్నడిగితే, చిప్ అబద్ధం చెప్పదన్నాను. ఆ పొద్దునే అతన్ని తీసేసి, ఓసారి సరిచూడమని బోర్డు నాకిచ్చారు.

అదంతా ఆయనకు చెప్పలేదు. "రాసిన ప్రతి అంకెనూ తిరిగి చదివి సరిచూస్తాను," అన్నాను.

"యాడ్నించి సదువుతావు?"

ప్రోగ్రాం చదివేది చిప్‌ను కాదు, తన దగ్గరే దాచుకున్న నకలును. అదే చెప్పాను.

"నువ్వు రాసుకున్నది నువ్వే సదివి సరేనంటే ఎట్లప్పా? కరెంటు తీసి, మళ్ళా ఇచ్చి, చిప్‌ను అడుగు."

ల్యాప్‌టాప్‌కు తగిలించి అలాగే చేశాను. మధ్యమధ్య ఖాళీలు.

"ఒకటి రాసుకునేదానికి చిప్‌కు రవ్వంత టైమియ్యల్ల. ఆలోపే ఇంకోటి పంపితే అది తీసుకోదు." వడమాలపేటలో దిగబోతూ ఆగాడు. "దీనివల్ల ఎవురికన్నా నష్టమైనాదా?"

"లేదు," అన్నాను.

ఆ వారమే, ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాం మార్చి, బోర్డును తిరిగి పెట్టెలో బిగించాను. నెల తర్వాత గోడౌన్ మేనేజర్ రికార్డు నా ముందు పెట్టాడు.

"సూసినారా సార్, ఆయప్పను తీసేసినాక ఒక్క ఖాళీ లేదు."

నేను తలూపాను.