ఆటకు వీపు తిప్పి

నా మోకాలు గుడివాడలో పోయింది. కాలేజీల మధ్య కబడ్డీ పోటీలు. అవతలి జట్టు అమ్మాయి కూతకొచ్చింది. ఎడమ మూలలో ఉన్న నేను వంగి ఆమె చీలమండ పట్టాను. పట్టు దొరికింది, పాయింటు వచ్చింది, అందరూ లేచారు. మోకాలు మాత్రం నాతో లేవలేదు.

గుడ్లవల్లేరు మీదుగా బందరు వెళ్ళే బస్సులో వదిన ఒళ్ళో కాళ్ళు చాపుకుని పడుకున్నాను. వదిన అంటే చుట్టం కాదు. ఘంటసాల దగ్గర పల్లె నుంచి వచ్చి మా బందరు కాలేజీలో నాకన్నా ఏడాది వెనక చదివే పిల్ల. జట్టంతా చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడితే నా పక్కన నిలబడేది తనే. ఆడినన్నాళ్ళూ నా కుడిచెయ్యి తన ఎడంచేతిలో ఉండేది. ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం, కోపమొస్తే ఏమే అనుకునేవాళ్ళం.

బందరులో డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, "నడకకి ఢోకా లేదమ్మా. ఆట సంగతి మర్చిపో" అన్నారు. సరేనండీ అన్నాను. అమ్మ ఏడ్చింది, వదిన ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. రావాల్సిన చోట రాని ఏడుపుతో చాలా ఇబ్బంది. పలకరించడానికి వచ్చినవాళ్ళను మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపేసినట్టుంటుంది. మా ఊరు దివిసీమలో, సముద్రానికి దగ్గర. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపలు అమ్మేది. ఊరు ఊరంతా వచ్చి నా మోకాలు చూసి వెళ్ళింది. నేను కూడా వాళ్ళతో పాటు చూశాను, ఎవరిదో మోకాలన్నట్టు.

డిగ్రీ అయ్యాక పేపర్లో ప్రకటన కనిపించింది. కృష్ణ అవతల యూనివర్సిటీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని కొత్త కోర్సు. ఆడలేకపోయినా ఆటలో ఏదో ఒక మూల ఉండాలి, నాకు కావలసింది అంతే. నాన్నకు చెబితే వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా విన్నాడు.

"ఆటలకి మేనేజరేంటే? లాడ్జీకి ఉంటాడు మేనేజరు."

"స్టేడియానికీ ఉంటాడు నాన్నా."

"తాళాలు చేతికిస్తే సరిపోయేదానికి మళ్ళీ చదువెందుకు?"

అలా అంటూనే చేర్పించాడు. క్లాసులో స్పాన్సర్లు, సీట్లు, గేట్లు, అంబులెన్సు ఎక్కడ ఆపాలి, వానొస్తే ఏం చేయాలి, ఇవీ పాఠాలు. మా మాస్టారు ఒక్క మాట పట్టుకుని ఏడాది పొడుగునా మమ్మల్ని వాయించారు. "మ్యాచ్ చూడాలనుంటే టికెట్ కొనుక్కోండి. మేనేజరు చూడాల్సింది జనాన్ని. ఆట చూసేవాడు గేటు చూడడు." ఊరికే చెప్పి వదల్లేదు, సాధన చేయించారు. గ్రౌండులో ఏ మ్యాచ్ జరిగినా మమ్మల్ని గీత బయట నిలబెట్టేవారు, ముఖం జనం వైపు, వీపు ఆట వైపు. తిరిగి చూస్తే ఆ వారం క్లాసుకు రానివ్వరు. క్రికెట్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు మెడలు పట్టేసినట్టు గిలగిల్లాడిపోయేవారు. నాకు అసలు కష్టమే అనిపించలేదు. వెనక ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఉండేది కాదు. "నీలో మేనేజరుందమ్మా" అన్నారు మాస్టారు. మెచ్చుకున్నారో, ఇంకేమన్నారో నాకు అర్థం కాలేదు. థాంక్సండీ అన్నాను.

కోర్సు చివర ప్రతి ఒక్కరూ ఒక పోటీ సొంతంగా నడిపి చూపించాలి. నేను మా ఊళ్ళో అమ్మాయిల కబడ్డీ పెట్టాను. ఎండాకాలం. మినుము పీకేశారు, పొలాలు ఖాళీ. వేట నిషేధం, మగాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. విజయవాడలో ఒక ఇండోర్ స్టేడియం అధికారిగారు చూడటానికి వస్తారని మాస్టారు కబురుచేశారు. అక్కడ ఒకే ఉద్యోగం ఉంది. నా పని నచ్చితే నాది. నచ్చకపోతే అమ్మ పక్కన కూర్చుని ఎండుచేపలు అమ్ముకోవడమే. అందులో తప్పేం లేదు, కానీ అక్కడికి ఆట రాదు.

మా వైపు పొలంలో ఆట పెడితే ముందురోజు బరి తొక్కాలి. నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాన్ని తడిపి, ఊక చల్లి, ఆడబోయేవాళ్ళందరూ చెప్పులు విడిచి, చేతులు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కుతారు. మట్టిలో నత్తగుల్లలుంటాయి, మర్నాడు కాళ్ళు కోస్తాయి. పాదానికి తగిలిన గుల్లనల్లా తీసి తట్టలో వెయ్యాలి. రేపు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునే జట్లు కూడా ఆ సాయంత్రం ఒకే వరసలో తొక్కుతాయి. మా కాలేజీ అమ్మాయిలు కూడా వచ్చారు, వదినతో సహా. నేను కొత్త బూట్లతో గట్టు మీద నిలబడి తాళ్ళు, వెదురు గేటు, కుర్చీలు చూసుకుంటున్నాను.

"ఏమే, రా. వచ్చి తొక్కు" అంది వదిన.

"మోకాలు కదా."

"తొక్కడానికి మోకాలెందుకే? కాలుంటే చాలు."

బూట్లు విప్పి దిగాను. వరసలో నా కుడిచెయ్యి తన చేతిలోకి వెళ్ళింది. బురద చల్లగా ఉంది. రెండడుగులు వేశానో లేదో మడమలో గుల్ల గుచ్చుకుంది. మంట తెలిసింది. గుడివాడ తర్వాత నాకు సూటిగా తెలిసింది అదొక్కటే అనుకుంటాను. గుల్లను తట్టలో వేశాను.

"రేపు నీ మూలలో నేనాడతా" అంది వదిన. "ఎవరు చూసినా చూడకపోయినా నువ్వు చూడాలి."

"చూస్తాలే" అన్నాను.

మర్నాడు అన్నీ నేననుకున్నట్టే నడిచాయి. సాయంత్రం ఫైనల్లో మా కాలేజీ, కూచిపూడి వైపు జట్టు. జనం తాళ్ళ మీద పడుతున్నారు. నేను బరికి వీపు పెట్టి నిలబడ్డాను. అధికారిగారు గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ఆటను కాక నన్ను చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో నాకు తెలుసు.

ఫైనలంతా నేను నాన్న ముఖంలో చూశాను. నాకెదురుగా గట్టు మీద కూర్చున్నాడు. అవతలివాళ్ళు కూతకొస్తే నాన్న నోరు తెరిచేవాడు, మావాళ్ళు పట్టేస్తే మూసేవాడు. చివరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత వాళ్ళది. కబడ్డీ, కబడ్డీ అంటూ ఆ గొంతు నా వీపు వెనక ఎడమ మూలకు దగ్గరైంది. వదిన ఉన్న మూల. నా మూల. కూత ఠక్కున తెగింది. నాన్న లేచి నిలబడ్డాడు.

తిరగాలనిపించి ఆపుకున్నానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. ఆపుకోలేదు. అనిపించనే లేదు. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తే తాడు పట్టుకుని, "నెమ్మదండీ, పిల్లలున్నారు" అన్నాను.

వదిన ఒళ్ళంతా మట్టితో పరిగెత్తుకొచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది. రొప్పుతోంది. "చూశావా వదినా? నీ పట్టే. చీలమండ. అచ్చం నువ్వు పట్టినట్టే పట్టాను. చూశావుగా?"

నేను నోరు తెరిచేలోపే అధికారిగారు నవ్వుకుంటూ వచ్చారు. "ఈ అమ్మాయిగారు ఫైనలంతా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదండీ" అని వదినతోనే చెప్పారు. "ఆఖరి కూతకి కూడా. ఇలాంటివాళ్ళే మాక్కావాల్సింది." తర్వాత నా వైపు చూసి, ఒకటో తారీఖున వచ్చి చేరమన్నారు.

"అలాగేనండీ" అన్నాను.

వదిన నా వైపు చూసింది. నా ముఖంలో ఏదైనా ఉందేమోనని వెతికింది. ఆ తర్వాత నా చెయ్యి వదిలి, కాలవలో మిగిలిన నీళ్ళ దగ్గరికి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. నా అరచేతిలో తన మట్టి అలాగే ఉంది. ఎక్కడ తుడుచుకోవాలో తోచలేదు.

చీకటి పడకముందే జనాన్ని పంపేయాలి. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినే వదులుతున్నాను. నాన్న వచ్చి, ఉద్యోగం సంగతి విని, "అయితే తాళాలిస్తారన్నమాట" అని వెళ్ళాడు. ఆ వెనకే మా జట్టు వచ్చింది. అందరికన్నా చివర వదిన, భుజాన బ్యాగు, చేతిలో చెప్పులు.

నా దగ్గరకొచ్చి ఆగింది.

"వెళ్ళొస్తానండీ" అంది.