దయ్యాల కొంపకు పోదమా, వద్దా?

ఇగ కొన్నాళ్లదాంక నేను నల్లగొండ మొకం చూడ. మా అత్త మటన్ వండి కబురు పంపినా పోను. ఎందుకంటరా? చెప్త ఆగుండ్రి, చాయ్ రానియ్యుండ్రి.

మొన్న ఆదివారం నల్లగొండ ఎగ్జిబిషన్ల ఏమైందో మీకు ఎవడో ఒకడు చెప్పనే చెప్తడు. చెప్పెటోడు దానికి ఇంకింత కలిపి చెప్తడు. గందుకే ఉన్నది ఉన్నట్టు నేనే చెప్తున్న. మధ్యల నవ్వొద్దు.

నా పని మీకు ఎరికే గద. చిట్యాల బస్టాండు పక్కన రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేర్ చేసుకుంట బతుకుతున్న. పెండ్లయి ఇంకా ఏడాది కాలే. మా ఆమె స్వరూపది నల్లగొండ.

సంబంధం మాట్లాడుకునేటప్పుడు మా మేనమామ ఒక పని చేసి పెట్టిండు. మా ఇంట్ల గొర్లున్నయి. ఒకసారి మంద మీద తోడేలు వడితే మా అన్న కట్టె తీస్కొని తరిమిండు. నేనేమో గొంగడి నిండ కప్పుకొని పండుకున్న. గా ముచ్చట చెప్పంగ చెప్పంగ, మా మేనమామ నోట్లె మా అన్న మాయమై నేనొచ్చిన. "మా సైదులు తోడేలును ఉత్త చేతులతోని తరిమిండు" అన్నడు. మా మామకు గది మస్తు నచ్చింది. పిల్లనిచ్చిండు. నేను కాదన్లే. అయ్యే పెండ్లిని ఎవడన్న చెడగొట్టుకుంటడా?

సరే. ఆదివారం పొద్దుగాల అత్తగారింట్ల కూసోని సర్వపిండి తింటున్న. గల్లీలకు మైకు కట్టిన ఆటో వచ్చింది.

"రండి బాబూ రండి! ఎగ్జిబిషన్ల దయ్యాల కొంప! ధైర్యవంతులకు మాత్రమే! గుండె జబ్బున్నోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు లోపలికి రావద్దు!"

నా మరదలు సునీత ఇంటర్ చదువుతాంది. దాని కండ్లు మెరిసినయి.

"బావను తోల్కపోదాం అక్కా!"

"పోదాం" అన్నది స్వరూప.

అందరు నా దిక్కు చూసిండ్రు. సర్వపిండి గొంతుల అడ్డం వడ్డది. నీళ్లు తాగి, "గవన్ని చిన్నపిల్లల ఆటలు. మనకెందుకు" అన్న.

"అంటే నీకు భయమన్నట్టా?" అన్నది సునీత.

"నాకేం భయం?"

"అయితే పోదాం."

మాట ఒడిసిపోయింది. చూసిండ్రా, నా నోటితోని నేనే ఒప్పుకున్న.

గని నేను అంత జల్ది ఇడిచిపెట్టెటోన్ని గాదు. ముందుగాల మొగులు దిక్కు చూసిన. "వాన పడేటట్టున్నది" అన్న. మొగులు మీద మబ్బు తునక లేదు. మామ కూడ తలెత్తి చూసిండు. "రేపు దుకాణం తెరవాలె, సాయంత్రం బస్సుకే చిట్యాల పోతం" అన్న. "పొద్దుగాల బస్సుకు పోవచ్చు తియ్యి అల్లుడా" అన్నడు మామ.

ఇంతల దేవుడు మా అత్తోళ్ల అవ్వ రూపంల వచ్చిండు. మూలకు మంచంల పండుకున్న ముసలామె లేచి కూసున్నది.

"కొత్త జంట దయ్యాల కొంపకు పోవుడేందే? బుద్ధి ఉన్నదా మీకు?"

నేను సర్వపిండి గిన్నె కింద పెట్టిన. "గదే నేను చెప్తున్న. పెద్దోళ్ల మాట ఇనాలె" అన్న. జీవితంల అంత మర్యాదగ నేను ఎన్నడు మాట్లాడలే.

అప్పుడే పక్కింటి మహబూబ్ బీ ఖాలా పెరుగు అడుగుదమని వచ్చింది. మా అత్త ఆమెను అడిగింది, "మంచిదేనా ఖాలా గది? పిల్లలు పోతమంటున్నరు" అని.

"అరే, నిన్న మా ఇంటోళ్లందరం పోయినం! నాకైతే నవ్వాగలే. గోనెసంచి పీచు కట్టుకొని ఎవడో పోరడు ఎగురుతడు. జర్రంత కూడ ఫికర్ చెయ్యకుండ్రి, పోయిరాండ్రి!"

ఖాలా పెరుగు తీస్కొని పోయింది. నా ఆశ గూడ ఆమెతోనే పోయింది.

అవ్వ మాత్రం ఊకోలే. ఒక నిమ్మకాయ తెప్పిచ్చి నా చేతిల పెట్టింది. "జేబుల పెట్టుకో బిడ్డా. ఏ గాలీ సోకదు." అంటే ఇగ పొమ్మన్నట్టే.

ఆఖరికి పగటీలి అన్నం తిన్నంక కడుపు పట్టుకొని వంగిన. "కడుపుల పిండుతాంది అత్తా" అన్న. అత్త పరుగున పోయి వాము వేడినీళ్లల్ల మరిగించి తెచ్చింది. అంత చేదు మందు నేను ఎన్నడు తాగలే. నిలవడి తాగించింది. తాగినంక, "తగ్గిందా అల్లుడా?" అన్నది. ఇంకా తగ్గలేదంటే ఇంకో గిలాస తెచ్చేటట్టున్నది. తగ్గిందన్న.

పొద్దుగూకంగ అందరం పోయినం. గ్రౌండ్ల అప్పుడే లైట్లు ఏసిండ్రు. జెయింట్ వీలు, పీచుమిఠాయి, మిర్చి బజ్జీల వాసన. ఓ మూలకు రేకులు, నల్ల గుడ్డలు కట్టి పెద్ద డేరా ఏసిండ్రు. ముందల పుర్రె బొమ్మ, దాని నోరే దర్వాజ. లోపటికెల్లి ఆడమనిషి ఏడుపు, తోడేళ్ల కూత ఇనవస్తున్నయి.

నేను జర చెవి పెట్టి ఇన్న. టేపు అది. లోపట తిరిగే బెల్టు లూజైంది, ఆ దయ్యం గొంతు సాగి సాగి మొగోని గొంతు లెక్క ఐతాంది. క్యాసెట్టుకు తాకే హెడ్డు గూడ తుడువక ఎన్నాళ్లయిందో. అన్నీ తెలుస్తున్నయి నాకు. తెలిసినా కాళ్లు మాత్రం ఎన్కకే నడుస్తున్నయి. బుర్రకెరికైనది కాళ్లకు చెప్పెటోడు ఎవడు?

జంటలు జంటలుగ లోపలికి పంపుతున్నరు. ముందుగాల నేను, స్వరూప. మామ, అత్త, అవ్వ, సునీత బయటికొచ్చే దర్వాజ కాడ బెంచీ మీద కూసున్నరు, మేము బయటికి వచ్చుడు చూడాలెనని.

దర్వాజ కాడ ఆఖరి ప్రయత్నం చేసిన.

"స్వరూపా, నీకు భయమైతే చెప్పు. వాపస్ పోదాం."

"నాకు భయమైతలే."

"సిగ్గు పడకు. చెప్పు. ఎవ్వరు ఏమనరు."

"అయితలే అంటున్న గద!"

"లోపలనే దాచుకోవద్దు..."

ఎన్కున్నోడు దొబ్బిండు. పుర్రె నోట్లె వడ్డం.

లోపట గుడ్డి చీకటి. కాళ్ల కింద బల్లలు కిర్రుకిర్రుమంటున్నయి. పైనుంచి తడి తాళ్లు యాలాడి మొకానికి తగులుతున్నయి. ఒక చేతిల స్వరూప చెయ్యి, ఇంకో చెయ్యి జేబుల నిమ్మకాయ మీద. మొదటి మలుపు కాడ జీరో బల్బు ఎర్రగ ఎలిగింది, ఎముకల గూడు ధన్మని ముందల వడ్డది. నేను కెవ్వుమన్న. ఆ అదురుకు స్వరూప చెయ్యి జారింది. ఏదో అన్నది గని టేపు మోతల ఇనవడలే. ఎన్కకు చెయ్యి చాపి తడిమిన. దొరికింది. గట్టిగ పట్టుకున్న.

చెయ్యి మంచుగడ్డ లెక్క ఉన్నది. పాపం, భయానికి సల్లవడ్డది అనుకున్న. పైకి భయమైతలే అన్నది గని లోపల ఎంత పరేశానవుతాందో అనుకున్న. ప్రేమ ముంచుకొచ్చింది.

"భయపడకు. నేనున్న గద" అన్న.

అటెన్క ఒక పెట్టె మూత దానంతట అదే తెరుసుకున్నది. అండ్లకెల్లి ఏదో లేచింది. ఇగ నేను ఏం మాట్లాడిన్నో నాకు సక్కగ యాదికి లేదు. కొంత యాదికుంది. "నన్ను ఒక్కన్ని చేసి పోకు స్వరూపా" అన్న. "నీ కాళ్లు మొక్కుత, నువ్వే ముందల నడువు" అన్న. "ఈడికెల్లి బతికి బయటవడితే నారాయణపేట చీర కొంట, జరీ అంచుది" అన్న. ఆ చెయ్యి గుంజుకుంటాంది. ఎంత గుంజితే అంత గట్టిగ పట్టుకున్న. పెండ్లినాడు గూడ అంత గట్టిగ పట్టుకోలే.

ఆఖరికి ముందల వెలుగు కనవడ్డది. ఒక్కసారి నాకు ధైర్యమొచ్చింది. జుట్టు సదురుకున్న. రొమ్ము ఇర్సుకున్న. పట్టుకున్న చెయ్యి పైకి లేపి, గెలిచిన పహిల్వాన్ లెక్క బయటికొచ్చిన.

"ఏం లేదు మామా! ఉత్తదే!"

మామ చేతిల మిర్చి బజ్జీ నోటి దాంక పోయి ఆగింది. అత్త కొంగు నోట్లె పెట్టుకున్నది. మామ పక్కన బెంచీ మీద స్వరూప కూసోని ఉన్నది. ఒక కాలికి చెప్పు లేదు.

"నువ్వు ఈడున్నవేంది?" అన్న.

"చెప్పు తెగింది. ఆగుమన్న. నువ్వు ఆగకపోతివి. వచ్చిన తొవ్వనే ఎన్కకొచ్చిన."

మరి గీ చెయ్యి ఎవరిది?

మెల్లగ పక్కకు చూసిన. నల్ల గౌను. నడుం దాంక గోనె పీచు జుట్టు. మొకానికి సున్నం. పండ్లకు రేడియం. నా కంటె అదే ఎక్కువ భయపడి చూస్తాంది.

అవ్వకు కండ్లు మసకలు. చెయ్యి నుదురు మీద పెట్టుకొని చూసి చూసి, గ్రౌండంత ఇనేటట్టు మొత్తుకున్నది.

"ఓయమ్మో! గిదెవ్వతే? గింత జుట్టేందే దానికి! నా మనుమరాలు ఈడ కూసోంగ ఇంకోదాన్ని తోల్కొస్తడా వీడు!"

దయ్యం ఆగమైంది. "అవ్వా, నేను ఆడిదాన్ని గాదే! యాదగిరిని! ఈడ పని చేస్తున్న!" అని, నా దిక్కు తిరిగి ఏడుపు మొకం పెట్టింది. "అన్నా, నీకు దండం పెడ్త. చీర వద్దు, ఏం వద్దు. చెయ్యి ఇడిస్తె సాలు."

అప్పటిదాంక నేను చెయ్యి ఇడువలే.

"చీరేంది?" అన్నది స్వరూప.

"నారాయణపేటదట అక్కా, జరీ అంచుది. కాళ్లు మొక్కుతనన్నడు. మెడ మీద సల్లగ తగిలిద్దమని ఐసు బకీట్ల చెయ్యి ముంచుకొని వచ్చిన. నేను తాకకముందే ఆయనే పట్టుకున్నడు. ఇడువు ఇడువు అంటనే ఉన్న, ఇనలే. లోపట మూడు జంటలు దయ్యం లేకనే పోయినయి. మా సేటు నన్ను తిడ్తడు."

సునీత నవ్వుకుంటనే నా ప్యాంటు దిక్కు చూసి ఆగిపోయింది. "బావా..." అన్నది. నేను గూడ చూసుకున్న. జేబు నుంచి మోకాలి దాంక తడి. నిమ్మకాయ! భయానికి పిసికి పిసికి రసం తీసిన. జల్ది తొక్క బయటికి తీసి అందరికి చూపిచ్చిన. "నిమ్మరసం! ఇది నిమ్మరసం! వాసన చూడుండ్రి!"

ఎవ్వరు వాసన చూడలే.

డేరా సేటు తిట్టలే గని, అంతకంటె ఎక్కువ చేసిండు. మైకు అందుకున్నడు. "చూడండి బాబూ! మా దయ్యాన్నే లేపుకపోతున్న మొనగాడు! రండి, చూడండి!" గుంపు పెరిగింది. జెయింట్ వీలు మీదున్నోళ్లు గూడ వంగి చూసిండ్రు.

ఇంటికి నడిచొచ్చే తొవ్వల మామ నా పక్కకొచ్చి నడిచిండు. గల్లీ మలుపు కాడ అడిగిండు.

"అల్లుడా, ఆ తోడేలు... పెద్దదేనా? పిల్లనా?"

"చీకట్ల సక్కగ కనవడలే మామా" అన్న.

ఇగ ఏం అడగలే. మంచోడు మా మామ.

నిన్న పొద్దుగాల చిట్యాల బస్సెక్కినం. నార్కట్‌పల్లి దాటేదాంక స్వరూప కిటికీ బయటికే చూసింది. అటెన్క నెమ్మదిగ అడిగింది.

"నిజంగ నా చెయ్యే అనుకున్నవా?"

"నీ తోడు. నీ చెయ్యే అనుకున్న."

"ఆ చెయ్యికి గాజులు లేకుండె గద?"

నేను కాళ్ల కాడి సంచి సదురుకున్న.

"ఎంటికలు గూడ ఉండె గద?"

కండక్టర్ను చూసి చిల్లర ఉన్నదా అని అడిగిన. టికెట్లు అప్పటికే తీసుకున్నం. ఆయన నన్నెట్లనో చూసిండు.

చిట్యాలల బస్సు దిగినం. హైవే మీద లారీలు ఒకదాని ఎన్క ఒకటి పోతున్నయి. రోడ్డు దాటుదమని అలవాటు తోని ఎన్కకు చెయ్యి చాపిన. ఆమె చెయ్యి ఇయ్యలే. ముందుగాల నా చెవి కాడికి చెయ్యి తెచ్చి, గాజులు గలగల సప్పుడు చేసింది.

"ఇనవడ్డదా? నేనే. ఇప్పుడు పట్టుకో" అన్నది.