గాజువాక కొండవాలులో పోయిన సిగ్నల్

అది 2023. విశాఖపట్నంలో ఒక మొబైల్ కంపెనీలో రేడియో ఇంజనీరుని. టవర్ మీద ఏ యాంటెన్నా ఎంత ఎత్తులో, ఎటు తిరిగి ఉండాలో తేల్చడం నా పని. ఆ వేసవిలో గాజువాకలో పోటీ కంపెనీ మాకంటే ముందే 5జీ మొదలుపెట్టేసింది. ఇక మాకు ఊపిరి సలపలేదు.

ఒక టవర్ మీద కొత్త 5జీ యాంటెన్నాకి చోటు చాలక, పాత 2జీ యాంటెన్నాను బాగా కిందికి దింపించాను. తర్వాత డ్రైవ్ టెస్ట్ చేశాం. అంటే కారులో ఫోన్లు పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ సిగ్నల్ కొలవడం. మ్యాపంతా పచ్చగా, అంటే సిగ్నల్ బాగున్నట్టే వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థకి పంపే లెక్కల్లో మొత్తం ప్రాంతానికి సగటే చూపిస్తాం. అందులోనూ లోపం కనిపించలేదు.

వారం తిరక్కుండా కొండవాలు ఇళ్ల నుంచి ఫిర్యాదు: సిగ్నల్ లేదు. రికార్డులో చూస్తే 2జీ మాత్రమే పనిచేసే కీప్యాడ్ ఫోన్. 'హ్యాండ్‌సెట్ లోపం' అని రాసి మూసేశాను. నిమిషం పట్టలేదు.

నెల తర్వాత అదే ఫిర్యాదు అప్పీలుకి వెళ్లింది. కంపెనీ జవాబు నచ్చనివాళ్లకి నిబంధనల్లో ఉన్న రెండో అవకాశం అది. చూసి రమ్మని నన్నే పంపారు.

కారు వెళ్లని దారి. నిటారు మెట్లు. పైన ఇంట్లో రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే అప్పలనరసమ్మ, ఒళ్లో పసిపిల్లతో ఆవిడ కూతురు.

"ఇప్పుడొచ్చినావేటమ్మా?" అంది అప్పలనరసమ్మ. "నేను కంప్లెంటిచ్చినాక మా పిల్లకి నొప్పులొచ్చినాయి, పట్టపగలు. సుట్టుపక్కలోలందరూ పనుల్లోకెల్లిపోనారు. ఆటో అబ్బాయికి ఎన్నిపాల్లు కొట్టినా ఫోనెల్లనేదు. నడిపించుకుని దిగుతంటే ఆ మెట్ల మీదే పురుడైపోనాది. నా సీర సింపి బిడ్డని సుట్టినాను."

నేను మెట్ల వైపు తిరిగి చూశాను. ఆవిడే మళ్లీ అందుకుంది.

"ఫోను పాడైపోనాదని మీ ఆపీసోలు సెప్తే నిజిమే అనుకున్నాను. కొత్తది కొందామని కింద షాపుకెల్తే, అక్కడ ఇదే ఫోను మోగినాది! ఆ షాపాయనే మీ పై ఆపీసుకి రాసిపెట్టినాడు."

"ఫోను పాడైందని రాసింది నేనేనమ్మా," అన్నాను.

"ఒక్కపాలి ఎక్కి సూడాల్సింది," అంది ఆవిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆఫీసుకి వెళ్లి చెప్తే మేనేజరు తల కూడా ఎత్తలేదు. "ఆ కొండ మీద 2జీ వాడేది ఎంతమంది? ఇప్పుడు అది కదిలిస్తే మన పని ఆగుతుంది, అవతలివాడు ఇంకా ముందుకెళ్తాడు." ఆ మాటకి నేను నిర్ఘాంతపోయాను. నెల కిందట నన్నడిగినా అదే అనేదాన్ని.

కొండెక్కి చూడకుండానే ఫిర్యాదు మూసింది నేనేనని రాసి సంతకం చేసి అప్పీలు ఫైల్లో పెట్టాను. అది రికార్డులోకి ఎక్కాక ఆయనకి వేరే దారి లేకపోయింది. మూడో రోజుకి పాత యాంటెన్నా పైకెక్కింది. నాకు మెమో వచ్చింది.

వేగం పెంచుతున్నామని చెప్పేటప్పుడు, దానివల్ల ఎవరికి ఉన్నదీ పోయిందో అడగాలని నాకు తెలిసింది అప్పుడే. ఆ బిడ్డ బతికింది కాబట్టి దీన్ని అనుభవం అని రాయగలుగుతున్నాను. లేకపోతే దీనికి ఏ పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.