అమ్మ అరగదీసిన కార్బన్

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీల్లోకి అల్లం పచ్చడి రుబ్బుతుంటే మిక్సీలోంచి కాలిన వాసన వచ్చింది. వైరు కాలిన వాసన కాదు, రబ్బరుదీ కాదు. మోటారుని ఒరుసుకుంటూ అరిగిపోయే చిన్న బొగ్గుముక్క ఉంటుంది, మెకానిక్కులు కార్బన్ అంటారే, అది చివరికంటా అరిగి నిప్పురవ్వలు కక్కేటప్పుడు వచ్చే ఘాటు వాసన. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "కార్బన్ పోయుంటుందిలే, మారిస్తే సరి" అన్నాడు. ఆయనకేం, అనేశాడు. నేను మాత్రం మిక్సీ ఆపేసి దూరంగా జరిగాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక బొగ్గుముక్క వాసనకి గుండె ఇలా ఝల్లుమంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తిరువూరులో విస్సన్నపేట రోడ్డు పక్కన మా నాన్నకి లారీ టైర్ల షాపు ఉండేది. ఏడాదంతా ఒక ఎత్తు, మామిడికాయల కాలం ఒక ఎత్తు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వరిగడ్డి పరిచి బంగినపల్లి కాయలు నింపిన లారీలు వరసగా వచ్చి ఆగేవి, ఎండకి కరిగిన తారు వాసన, డీజిలు వాసన, పంక్చర్లకి రాసే సొల్యూషన్ వాసన, వాటన్నిటి మీదా మగ్గుతున్న కాయల తియ్యటి వాసన కలిసి మా బట్టల్లోకీ తలల్లోకీ ఎక్కిపోయేవి. సెలవులు కాబట్టి నేను పొద్దస్తమానం అక్కడే, పాత టైర్ల దొంతర్లలో దాక్కోవడం, ట్యూబులు గాలి కొట్టించుకుని వాటి మీద ఎగరడం, డ్రైవర్లు గడ్డిలోంచి వెతికి తీసి ఇచ్చిన మెత్తపడ్డ కాయని పిసికి, ముచ్చిక కొరికి, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ జుర్రుకోవడం. అమ్మ వచ్చి వీపు మీద ఒకటి ఇచ్చేదాకా నాకు అన్నం సంగతే గుర్తుండేది కాదు.

ఆ షాపుకి రాజు ఎవరయ్యా అంటే గన్ను. కరెంటుతో తిరిగే ఆ మిషను డబ్బా మీద ఇంపాక్ట్ రెంచి అని రాసి ఉండేది గానీ మాకందరికీ అది గన్నే. అది రాకముందు లారీ చక్రం నట్లు ఊడాలంటే పొడుగాటి పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరు మనుషులు దాని మీద ఎక్కి తొక్కాల్సి వచ్చేది; ఇది వచ్చాక నట్టు మీద పెట్టి నొక్కితే చాలు, వీధి చివరిదాకా వినపడేలా డర్రుమని అరిచి క్షణంలో ఊడదీసేది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పక్కన వెల్డింగ్ షాపు సత్యం మామ దసరాకి తన మిషన్లకి బొట్లు పెట్టి, మా గడప దగ్గర ఆగి మొహమాటంగా చూస్తుంటే నాన్న నవ్వి, "మా గన్నుకీ ఒక దండ పడెయ్యి సత్యం, అది మాత్రం కష్టపడట్లేదా" అనేవాడు. క్రిస్మస్ ముందురోజు దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి నూనె పెట్టేది మాత్రం నాన్నే.

నాన్నకి కొన్ని అలవాట్లుండేవి. గ్రీజు వదలదని అన్నం చెంచాతో తినేవాడు. డిసెంబరు చలిలో వేళ్ళు పాలిపోయి తెల్లగా అయితే చంకలో పెట్టుకుని కూర్చునేవాడు. ఆవకాయ జాడీ మూత ఎప్పుడూ నాచేత తీయించి, "నా కూతురికి నాకంటే బలం" అని అందరికీ చెప్పేవాడు. నేను పొంగిపోయేదాన్ని, వెర్రిదాన్ని.

నేను ఏడో తరగతి రాసిన వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం మామిడికాయల లారీ ఒకటి వెనక టైరు పేలి వచ్చింది. లోడు నాగపూరు వెళ్ళాలి, ఆ ఎండలో ఆగితే కాయ ఉడికిపోతుంది. నాన్న గన్ను పట్టాడు. రెండు నట్లు ఊడాయి. మూడోదాని దగ్గర గన్ను పక్కనుంచి నీలంగా రవ్వలు లేచి, గుప్పున కాలిన వాసన వచ్చి, ఆగిపోయింది. డ్రైవరు కంగారు పడుతూ "చేత్తో తియ్యండి మేస్త్రీ, టైము లేదు" అన్నాడు. నాన్న పానా తీసుకుని నట్టుకి తగిలించి తొయ్యబోయాడు. అది ఆయన చేతిలోంచి జారి నేల మీద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. మూడోసారి డ్రైవరే దాన్ని లాక్కుని ఒక్క తోపుతో నట్టు కదిలించి, నాన్న వంక వింతగా చూసి, "మీ చేతిలో పట్టు లేదండీ" అన్నాడు.

అన్నం క్యారేజీతో వచ్చిన అమ్మ అదంతా చూసింది. క్యారేజీ కింద పెట్టి నాన్న దగ్గరికి వెళ్ళి, కుడిచేయి అందుకుని, తన చూపుడువేలు అందులో పెట్టింది.

"నొక్కండి."

"చెమటకి జారిందే, ఏం లేదు."

"నొక్కండి అంటున్నా."

నాన్న మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. అమ్మ వేలు అలవోకగా బయటికి వచ్చేసింది. టైర్లు ఒంటిచేత్తో దొర్లించే మా నాన్న, నన్ను భుజం మీద ఎక్కించుకుని నెమలి ఊరి తిరునాళ్ళంతా తిప్పిన మా నాన్న, ఆడమనిషి వేలు నొక్కలేకపోయాడు. చెంచా అందుకే. జాడీ మూత అందుకే. ఇంట్లో మా కళ్ళముందే చేయి చచ్చిపోతుంటే గన్ను చాటున ఆయన దాచుకుంటూ వచ్చాడు, ముగ్గురం ఒకే గదిలో పడుకుంటూ కూడా అమ్మా నేనూ కనిపెట్టలేకపోయాం.

అమ్మ ఏడవలేదు. సత్యం మామ దగ్గరికి వెళ్ళి ఇనుము కోసే మిషనువి పాత కార్బన్లు రెండు అడిగి తెచ్చింది. అవి మా గన్నుకి లావు. అరుగు మీద కూర్చుని, చింతపిక్కల్ని అరగదీసినట్టు సిమెంటు మీద వాటిని రుద్ది, ఊది, కొలత చూసి, మళ్ళీ రుద్దింది. వేళ్ళన్నీ కాటుకలా నల్లబడ్డాయి. గన్నుకి అటూ ఇటూ ఉండే మూతల్ని స్క్రూడ్రైవరుతో విప్పి, అరిగిపోయి గోరంత మిగిలిన పాతవి లాగేసి, కొత్తవి స్ప్రింగుతో సహా దూర్చి బిగించింది. ఇంతకు ముందు ఆవిడ ఆ పని చెయ్యగా నేను చూడలేదు, నాన్న చేస్తుంటే చూసిందట. స్విచ్చి వేస్తే గన్ను డర్రుమంది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ దాన్ని ఆయన చేతిలో పెట్టి, "చెయ్యి పోతే పోయింది. ఇది ఉందిగా, ఇదే మీ చెయ్యి అనుకోండి" అంది. లారీ సాయంత్రంలోపు వెళ్ళిపోయింది. ఆ కాలమంతా కార్బన్లు అరిగినప్పుడల్లా అమ్మే మార్చింది, నాన్న చేతి సంగతి ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

వానలు పడ్డాక ముగ్గురం బస్సెక్కి విజయవాడ వెళ్ళాం. డాక్టరు నాన్న వేళ్ళకి సూది గుచ్చుతుంటే ఆయనకి తెలియనే లేదు. ఏం పని చేస్తారని అడిగితే నాన్న గన్ను పట్టుకున్నట్టు రెండు చేతులూ చాపి చూపించాడు. "ఇన్నేళ్ళూ ఆ మిషను అదురుకే నరాలు దెబ్బతిన్నాయి. ఇక దాన్ని ముట్టుకోకండి" అన్నాడు డాక్టరు. అమ్మ నల్లరంగు ఇంకా పూర్తిగా వదలని తన వేళ్ళు చూసుకుంటూ, "నేనేనండీ బాగుచేసి ఇచ్చింది. సాయంగా ఉంటుందని" అంది డాక్టరుతో. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. తిరుగు బస్సు మైలవరం దాటింది. తర్వాత నాన్న ఎడమచేత్తో అమ్మ చేయి పట్టుకుని, "నువ్వు ఇవ్వకపోయినా ఎవరిచేతో చేయించుకుని పట్టుకునేవాణ్ణే" అన్నాడు. ఆవిడ బతికినంతకాలం ఆ మాట నమ్మలేదు.

షాపు సత్యం మామ తీసుకున్నాడు, నాన్న స్కూల్లో అటెండరుగా చేరాడు. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టుంది. కాయల లారీలు అక్కడ ఆగవు, వరిగడ్డి బదులు అట్టపెట్టెలు వచ్చాయి, డ్రైవరు పిలిచి కాయ చేతిలో పెట్టడమనేది మా పిల్లలకి కథ. పక్కవీధి మెకానిక్ వచ్చి మిక్సీకి కార్బన్లు మార్చి వెళ్ళాడు గానీ నేనింకా దాన్ని వెయ్యలేదు.

అమ్మ ఈ ఫిబ్రవరిలో పోయింది. సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు పెట్టె మీద పిడికెడు మట్టి వెయ్యమని నాన్నని ముందుకు పిలిచారు. నాన్న వంగి కుడిచేత్తో మట్టి తీశాడు. మూసుకోని ఆ వేళ్ళ సందుల్లోంచి అదంతా కారిపోయి, పెట్టె మీదికి చేయి చాపేసరికి అరచేతిలో ఏమీ మిగల్లేదు. మళ్ళీ తీశాడు, మళ్ళీ కారిపోయింది. జనం అందరూ చూస్తున్నారు. నేను ఉండబట్టలేక, "ఎడమచేత్తో వెయ్యి నాన్నా" అన్నాను.

"మీ అమ్మకి ఎడంచేత్తో వేస్తానా" అన్నాడు.

నేను మట్టి తీసి ఆయన అరచేతిలో పోసి, ఒక్కొక్క వేలే మూసి, ఆ గుప్పిటని నా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పెట్టె దాకా తీసుకెళ్ళాను.