మేడం ఏరి ఇచ్చిన పుస్తకం

మా హెడ్మిస్ట్రెస్ మేడం ఇక లేరన్న కబురు నాకు బడిలోనే తెలిసింది. జగిత్యాలలో నేనిప్పుడు పనిచేస్తున్న ప్రాథమిక పాఠశాలలో, ఒకటో తరగతి పిల్లల మధ్య చాప మీద కూర్చుని బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. కోరుట్ల నుంచి మేడం కొడుకు ఫోన్ చేశాడు. "టీచర్, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది, గట్లనే ఒరిగింది," అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాక పిల్లలు నా మొహం చూడలేదు. నా చేతిలోని పుస్తకమే చూశారు. "ఎలుగుబంటి ఏం జేసింది టీచర్?" అని అడిగారు. మిగిలిన పేజీలు చదివాకే లేచాను. ఆ పేజీల్లో ఏముందో నాకిప్పుడు గుర్తు లేదు.

కోరుట్లకు పోయే బస్సులో ఏడుపు రాలేదు. కిటికీ పక్కన కూర్చుని, ఆమెకు ఏం సమాధానం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అడిగేందుకు ఆమే లేరన్నది కోరుట్ల దగ్గర పడేదాకా తట్టలేదు. ఎండాకాలం నుంచి ఆమె నన్ను ఒక చిన్న పని అడుగుతూ వచ్చారు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఆ పనేమిటో తెలియాలంటే ముందు ఆమె గురించి తెలియాలి.

మేడం పుట్టింది సిరిసిల్లలో, నేత కుటుంబంలో. మగ్గాల చప్పుడు దాటి మాట వినపడాలి కాబట్టి ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులేనట. బడి ఆవరణలో ఆమె పిలిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూసేవారు. పుస్తకం చదివేటప్పుడు మాత్రం గొంతు బాగా తగ్గించేవారు. వినడానికి పిల్లలు ముందుకు జరిగేవారు. చదవడం అయ్యేసరికి ఇద్దరు ముగ్గురు ఆమె ఒళ్లోనే ఉండేవారు.

కథలాపూర్ దగ్గరి ఒక పల్లెలో ఆమె హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మండలంలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఏ పుస్తకాలు మంచివో చెప్పమని ఆమెనే అడిగేవారు. కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆమె వాటిని ముందు తాను చదివేవారు కాదు. వరండాలో చాప పరిచి, పుస్తకాలన్నీ పిల్లల ముందు పోసి, దూరంగా కూర్చుని చూసేవారు.

"ముందటికి తిప్పుతున్నరంటె సూస్తున్నట్టు. ఎన్కకు తిప్పిండ్రంటె సదువుతున్నట్టు బిడ్డా," అనేవారు నాతో. నన్ను అలాగే పిలిచేవారు.

ఆ మాట నిజమే. మంచి పుస్తకమైతే పిల్ల మూడో పేజీలో ఆగి, మళ్లీ రెండో పేజీకి వెళ్లి, ఆ చెట్టు చాటున ఉన్న పిల్లి ఇక్కడ కూడా ఉందా అని వెతికేది. మాటల్లో లేనిది బొమ్మలో ఏదో ఒకటి ఉండాలని ఆమె పట్టు. పేజీకి ఒక వాక్యం చాలు. అక్షరాలు పెద్దగా ఉండాలి. చివర్లో నీతి రాసి ఉంటే ఆ వాక్యం మీద బొటనవేలు అడ్డం పెట్టి పుస్తకం మూసేసేవారు. బీరువాలో అద్దం వెనక మెరుస్తున్న పుస్తకాలను చూస్తే ఆమెకు కోపం. అట్టలు ఊడి, పేజీలు నలిగిన పుస్తకాలను మాత్రం ముద్దుగా నిమిరి, గోధుమపిండి జిగురుతో అతికించేవారు.

శ్రీజ అప్పుడు రెండో తరగతి. అక్షరాలు వచ్చు, కలిపి చదవమంటే మాత్రం తల దించుకునేది. తండ్రి దుబాయికి కూలి పనికి పోయాడు. మా బడిలో సగం మంది పిల్లల తండ్రులు అక్కడే. అయితే శ్రీజ తండ్రి ఫోన్ చేయడం తగ్గిపోయింది. ఒకరోజు ఆమె తల్లి బడికి వచ్చి మేడంతో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"దవాఖానల ఉన్నడట మేడం. లివర్ కరాబైందట. బాగైతడనే అంటున్నరు. పిల్లకు జెప్పలే. అది మనాది వెట్టుకుంది, అన్నం తింటలేదు."

మేడం లేచి పుస్తకాల దగ్గరికి వెళ్లారు. చాలాసేపు వెతికి ఒకటి తీశారు. అది ఒక కొంగల కథ. నాన్న కొంగ చేపల కోసం పోతుంది. గూట్లో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. పేజీకి ఒక్క వాక్యం. గాలి వచ్చింది, నాన్న రాలేదు. వాన వచ్చింది, నాన్న రాలేదు. చీకటి వచ్చింది, నాన్న రాలేదు. చివరి పేజీలో తెల్లారుతుంది, తడిసిన రెక్కలతో నాన్న వస్తాడు.

శ్రీజ ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయింది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి రెండో రోజుకే చదవడం మొదలుపెట్టింది. 'నాన్న' అని ఉన్నచోట వేలు పెట్టి 'బాపు' అని చదివేది. నేను దిద్దబోతే మేడం ఆపారు. "ఆమెకు బాపే గదా. సదువనియ్," అన్నారు. చివరి పేజీ వచ్చేసరికి శ్రీజ గొంతు పెరిగేది. "తెల్లారింది. బాపు అచ్చిండు!" అది ఆ పిల్ల మొదటిసారి పూర్తిగా చదివిన పుస్తకం. అన్నం తింటోందని తల్లి వచ్చి చెప్పింది. మేడం ఆ సంగతి మండల సమావేశంలో కూడా చెప్పుకున్నారు, సరైన పిల్లకు సరైన పుస్తకం అందితే ఎలా ఉంటుందో అని.

వానాకాలంలో శ్రీజ తండ్రి శవపేటికలో వచ్చాడు.

హైదరాబాదు నుంచి అంబులెన్సు వచ్చిందని తెలిసి మేడం, నేను బడి నుంచి నడిచి వెళ్లాం. వాకిలి నిండా జనం. శ్రీజను ఎవరూ పట్టించుకోవడం లేదు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మేడంను చూడగానే దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. లెక్క తప్పు వస్తే అడిగినట్టే అడిగింది.

"టీచర్, పుస్తకంల అచ్చిండు గదా?"

మేడం పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డారు. శవాన్ని తీసుకుపోయేదాకా అలాగే ఉన్నారు.

ఆ రోజు సాయంత్రం బడికి తిరిగొచ్చి, తాళం వేస్తూ ఆగిపోయారు. "నేను తెల్వక ఇయ్యలే బిడ్డా. తెలిసే ఇచ్చిన. వస్తడని సదివిపిచ్చిన," అన్నారు. "మీ తప్పేముంది మేడం, మంచికే గదా ఇచ్చిండ్రు," అన్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు ఇదే మాట వచ్చింది, ఎన్నోసార్లు ఇదే జవాబు చెప్పాను. ఓదార్చడమే అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది ఆమె మాటను అక్కడితో ఆపేయడమని. ఒక్కసారైనా, అవును మేడం, ఆ పిల్లకు ఆ రోజు కష్టమనిపించే ఉంటుంది అని, పక్కన కూర్చుని ఉంటే బాగుండేది.

కొన్నాళ్లకు శ్రీజను తీసుకుని తల్లి సిరిసిల్లలోని పుట్టింటికి వెళ్లిపోయింది. అక్కడ మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. మేడం ఆదివారాలు బస్సెక్కి సిరిసిల్ల పోవడం మొదలుపెట్టారు. అన్నగారిల్లు ఉందని ఇంట్లో చెప్పేవారు, పోయేది మాత్రం శ్రీజ ఇంటికి. సంచిలో పుస్తకాలు తీసుకుపోయేవారు. శ్రీజ ఒక్కటి కూడా తీసుకునేది కాదు. చూసేది, తిప్పేది, మళ్లీ సంచిలో పెట్టేసేది. సోమవారం బడికి వచ్చినప్పుడు మేడం మొహం చూస్తే చాలు, అడగనక్కర్లేదు.

"తీస్కోలేదు. నా మీద నమ్మకం వోయింది," అనేవారు.

అప్పటి నుంచి పుస్తకాలు ఏరే పద్ధతి మారిపోయింది. జగిత్యాలలో శిక్షణ ఇచ్చేటప్పుడు టీచర్లు కాగితం, పెన్ను తీసి, "ఏ పుస్తకాలు రాసుకోమంటరు మేడం?" అని అడిగితే, ముందు ఆమె ప్రశ్నలు వేసేవారు. మీ క్లాసుల తల్లి లేనోళ్లు ఎవరు? బాపు దూరమున్నోళ్లు ఎవరు? ఇంట్ల లొల్లి అయితున్నోళ్లు ఎవరు? ఒకాయన నవ్వి, "గింత సిన్న పుస్తకానికి గిన్ని ముచ్చట్లా మేడం?" అన్నాడు. "పుస్తకం ఇచ్చే ముందు పిల్లను సదువాలె సార్. నేను సదువలే," అన్నారు మేడం. ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమై తల దించుకున్నాను.

కొంగ పుస్తకాన్ని ఆమె వద్దనలేదు. అది మంచి పుస్తకమే అనేవారు. కాని దాని పక్కన పెట్టడానికి ఇంకో పుస్తకం కోసం వెతికేవారు, వెళ్లినవాళ్లు తిరిగిరాని కథ కోసం. కోరుట్లలో పుస్తకాల దుకాణమతను, "సిన్నపిల్లలకు సావు ముచ్చట ఎవలు కొంటరు మేడం?" అన్నాడు. "సావు సిన్నపిల్లలు లేని ఇల్లు సూసి వస్తదా?" అని ఆమె మెట్లు దిగి వచ్చేశారు. అలాంటివి దొరక్కపోలేదు, కాని ఏదీ ఆమెకు నచ్చలేదు. ఒకదాంట్లో పోయినవాళ్లు చుక్క అయిపోతారు, ఇంకోదాంట్లో పువ్వు అవుతారు. "మల్ల వచ్చినట్టే రాస్తరేందే," అని విసుక్కునేవారు.

శ్రీజ గురుకులంలో చేరాక ఆదివారాలు ఆగిపోయాయి. మేడం రిటైరయ్యారు. మోకాళ్లు పట్టేసి బస్సు ఎక్కడం కష్టమైంది. మొన్న ఎండాకాలం కోరుట్లలో వాళ్లింటికి పోయినప్పుడు చెయ్యి పట్టుకుని అడిగారు.

"ఒక్కసారి సిరిసిల్ల తీస్కపో బిడ్డా. శ్రీజ ఇంటర్ల ఉన్నదట. ఒక్క మాట అడుగుత."

"ఏం అడుగుతరు మేడం?"

"నన్ను మాఫ్ చేసినవా అని."

"అయ్యో మేడం," అని నవ్వేశాను. ఎండలు తగ్గనియ్యండి అన్నాను. ఎండలు తగ్గాక బడులు తెరిచారు. తర్వాత శిక్షణ తరగతులు అన్నాను. మా ఇంట్లో కారు ఉంది. ఆదివారాలూ ఉన్నాయి. ఆ మధ్య ఏదో పెళ్లికి సిరిసిల్ల పోయి, బట్టల దుకాణంలో శ్రీజ వాళ్లమ్మను కలిశాను కూడా. "మేడం మంచిగున్నదా? అడిగిన్నని చెప్పుండ్రి," అంది. ఫోన్ కలిపి ఇచ్చినా సరిపోయేది. చీరలు చూసే హడావుడిలో ఉన్నాను.

మేడం దినాల నాడు శ్రీజ తల్లితో కలిసి కోరుట్ల వచ్చింది. పొడుగ్గా అయింది. భోజనాలయ్యాక నేనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మేడం అడగాలనుకున్నది నేను అడిగాను, ఆమె మాటల్లోనే. కొంగ పుస్తకం గురించి, వాకిట్లో తను అడిగిన మాట గురించి చెప్పాను.

"ఏ పుస్తకం టీచర్? నాకు యాదికి లేదు," అంది శ్రీజ.

"నాన్న వచ్చే పుస్తకం. నువ్వు రోజూ చదివేదానివి."

"లేదు టీచర్. బాపును తెచ్చిననాడు మేడం నా చెయ్యి వట్టుకున్నది యాదికున్నది. అందరు ఏడ్సుకుంట అటిటు తిరుగుతున్నరు, ఆమె ఒక్కతే నా కాడ నిలవడ్డది. గంతే."

"మరి సిరిసిల్లకు వచ్చినప్పుడు పుస్తకాలు ఎందుకు తీసుకోలేదు? కోపమొచ్చిందా?"

శ్రీజ ఆశ్చర్యంగా చూసింది. "కోపమెందుకు టీచర్? తీస్కుంటె మల్ల రాదనుకున్న. ఇచ్చుడు అయిపోతె ఇంకెందుకు వస్తది? తీస్కోకపోతె మల్ల ఆదివారం వస్తుండె. అమ్మతోని కూసోని కండెలు చుట్టుకుంట ముచ్చట వెడుతుండె. అమ్మ నవ్వుతుండె."

ఒక గంట ప్రయాణం చేసి ఉంటే ఈ మాటలు మేడం తన చెవులతో వినేవారు. నాకు చెప్పడం వల్ల ఎవరికేం లాభం? లేచి లోపలికి పోయి, మేడం ఫోటో ముందు నిలబడ్డాను. చెప్పడానికి ప్రయత్నించాను కూడా. ఫోటోకు చెబితే చెప్పినట్టు అనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి మేడం మనవరాలు, నాలుగేళ్లది, వరండాలో శ్రీజ ముందు నిలబడి ఉంది. బాపమ్మ ఊరికి పోయిందని, వస్తుందని ఇంట్లోవాళ్లు ఆ పిల్లకు చెబుతున్నారు. కొత్త మనిషి కనిపించిందని ఈమెనూ అడుగుతోంది.

"అక్కా, మా బాపమ్మ ఎప్పుడొస్తది?"

శ్రీజ చుట్టూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. "బాపమ్మ సచ్చిపోయింది. ఇగ రాదు," అంది.

"రేపు?"

"రేపు గూడ రాదు."

పిల్ల గేటు వైపు చూసింది. ఆ తర్వాత శ్రీజను చూసింది. ఏడుస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. పిల్ల ఏడవలేదు. చేతిలో ఉన్న ఎర్ర రిబ్బను శ్రీజకు ఇచ్చి, వెనక్కి తిరిగి, ఆమె మోకాళ్ల మధ్య కూర్చుంది. శ్రీజ వేళ్లతోనే చిక్కు తీసి, మెల్లగా పాపిట తీయడం మొదలుపెట్టింది.